మైనం కొంగలు

జులై 3, 1968, బుధవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఒకటో తరగతి పిల్లలు పలక మీద రాసినట్టున్నాయి. ఫరవాలేదు, చదివేది నేనొక్కణ్ణే.

పొద్దున ప్లాస్టర్ కోశారు. లోపల చెయ్యి సన్నబడి, పొట్టు రాలుతూ, ఎవరిదోలా ఉంది. కాని వేళ్ళు తిన్నగా ఉన్నాయి. చిటికెన వేలూ ఉంగరపు వేలూ రెండేళ్ళ నుంచి కొక్కేల్లా అరచేతిలోకి వంగి ఉండేవి. సుద్దముక్క పట్టుకుంటే జారిపోయేది. బడిలో ముందు పిల్లలు నవ్వారు. తరువాత వాళ్ళ తండ్రులు వచ్చి చూసి వెళ్ళారు. పెద్దరోగం, అదే కుష్ఠు, అని ఊళ్ళో పేరు పడ్డాక నన్ను సెలవు పెట్టమన్నారు. శ్రీముఖలింగం పక్క ఊళ్ళో మేష్టరుగా ఉన్నవాణ్ణి, విజయనగరం దాటి ఈ మిషన్ ఆసుపత్రికి వచ్చాను.

డాక్టరు గారు వేళ్ళు చాపమన్నారు. చాపాను. చాచుకున్నాయి. పక్క మంచం అసిరయ్య తాత లేచి వచ్చి చూసి, మేస్టరు సెయ్యి పువ్వు విచ్చుకున్నట్టు విచ్చుకున్నాది అన్నాడు. ఆయనకు రెండు చేతులకీ కలిపి వేళ్ళు అయిదున్నాయి. అవీ సగం సగం.

ఫిజియో జగదీశ్వరి గారు ఒక మాట చెప్పారు. మంచి వేలిని కదిపే కండనరాన్ని చీల్చి ఈ చచ్చిన వేళ్ళకు కలిపి కుట్టారు, ఆ సంగతి చేతికి ఇంకా తెలియదు, దానికి కొత్త పని నేర్పాలి, తొందరపడితే కుట్టు తెగుతుంది అన్నారు. నేర్పడం నాకు వచ్చిన పనే.

జులై 4

మైనం స్నానం. కరిగిన మైనంలో చెయ్యి ముంచి తీస్తారు, మళ్ళీ ముంచుతారు. తెల్లటి చేతిజోడు తొడుక్కున్నట్టు అయింది. వేడి ఎంతో ముందు జగదీశ్వరి గారే తన మోచెయ్యి పెట్టి చూసుకున్నారు. నా చేతిని అడిగి లాభం లేదు.

జులై 6, శనివారం

కార్డు వచ్చింది. ఆడపిల్ల.

బావమరిది చినబాబు రాశాడు. జూన్ ఇరవై ఎనిమిదిన పుట్టిందట. తాయారు బాగుంది. ఆషాఢం వెళ్ళాక ఆగస్టు తొమ్మిది, శ్రావణ శుక్రవారం, ఉయ్యాల్లో వేస్తారు. పేరు కూడా ఆ రోజే. బియ్యంలో పేరు మావయ్య రాస్తాడు అని ఉంది, అంటే తాయారు మేనమామ. నన్ను రావద్దని రాయలేదు. రమ్మనీ రాయలేదు.

వార్డంతా తిరిగి చెప్పాను. ఆడవాళ్ళ వార్డు గుమ్మం దగ్గర నిలబడి దాలమ్మకు చెప్పాను. ఆవిడ వంటింట్లో కూరలు తరుగుతుంది. ఏటి మేస్టరు, బెల్లమైనా ఎట్టకుండా సెప్పీసి ఎలిపోతన్నావు అంది. పరుగెత్తుకువెళ్ళి ఆసుపత్రి లోపలి కొట్లో బెల్లం కొనుక్కొచ్చాను.

మా ఇళ్ళల్లో తొలి బిడ్డ ఉయ్యాలకు చిలకలు తండ్రి వైపు నుంచి వెళ్ళాలి. రంగు వేసిన కొయ్య చిలకలు. మా అమ్మ లక్ష్మణమ్మ ఉంటే ఈపాటికి బుట్టలో సర్దేది. ఆవిడ పోయి మూడేళ్ళయింది. పంపాల్సింది నేనే. పంపకపోతే మా అత్త జగ్గమ్మ తనే కొని కట్టేస్తుంది. పేరు మావయ్య రాసి, చిలకలు అమ్మమ్మ కట్టాక, ఆ పిల్లకు తండ్రి ఉన్నాడని ఎవరూ అనుకోరు. తాయారుతో కూడా అదే అంటారు. అంటూ ఉంటే తాయారు ఎన్నాళ్ళు ఆగుతుంది.

అత్త తాయారును అయిదో నెలలోనే పురిటికి తీసుకుపోయింది. అంత ముందుగా ఎవరూ తీసుకుపోరు. బస్సు కదిలేముందు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది. ఈ చెయ్యే.

జులై 8, సోమవారం

ఇవాళ కుడి చేత్తో ఒక్క వాక్యం రాయనిచ్చారు. ఇదే అది. మిగతాది ఎడమ.

జగదీశ్వరి గారు నలుచదరం కాగితం ఇచ్చి మడత నేర్పించారు. మడత మీద మడత. తిప్పి మళ్ళీ మడత. ఇదేదో తిరకాసు పని అనుకుంటూ ఉండగా రెండు కొసలు పట్టి లాగమన్నారు. లాగితే రెక్కలు విచ్చుకున్నాయి. కొంగ.

ఆవిడ మద్రాసు వైపు ట్రైనింగులో ఉండగా ఒక జపాను ఆవిడ నేర్పిందట. వాళ్ళ దేశంలో కావలసినవాళ్ళ కోసం వెయ్యి కొంగలు మడిచి దండ కట్టి ఇస్తారట. మీరు వెయ్యి చెయ్యక్కర్లేదు, రోజుకు నాలుగు చెయ్యండి, బొటనవేలు మిగతా వేళ్ళను కలవడం నేర్చుకుంటుంది అన్నారు.

ఆవిడ ఇంకా ఏవో చెబుతున్నారు. నాకు వినబడలేదు. కొంగ అనగానే తాయారు వాళ్ళ ఊరే కళ్ళ ముందుకు వచ్చింది.

ఇచ్ఛాపురం అవతల ఆ ఊరికి తొలకరి పడగానే కొంగలు వస్తాయి. ఎక్కడి నుంచి వస్తాయో ఎవరికీ తెలియదు. చింతచెట్ల నిండా గూళ్ళు పెడతాయి. గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, చలి ముదిరేలోగా వెళ్ళిపోతాయి. పురిటికి వచ్చిన ఆడపిల్లలు అంటారు వాటిని. రాయి విసరరు. దీపావళికి టపాకాయ కాల్చరు. ఆరేసిన చీర మీద రెట్ట వేస్తే మళ్ళీ ఉతుక్కుంటారు తప్ప తిట్టరు. మా పెళ్ళయిన ఏడు నేను చెట్టు కింద నిలబడి హుష్ అంటే మా అత్త వచ్చి, ఏటి బాబూ, పురిటి మంచం కాడ నిలబడి హుష్ అంటావేటి అని కసిరింది.

చిలకలు ఎందుకు. కొంగలు పంపుతాను. నా చేత్తో చేసిన కొంగలు.

జులై 10

జగదీశ్వరి గారికి చెప్పాను. నా చెయ్యి తిప్పి చూసి సరే అన్నారు. షరతులు పెట్టారు.

మోచేతులు బల్ల మీద ఆనించి చెయ్యాలి, గాలిలో కాదు. మడతను గోటితో గాని చేత్తో గాని రుద్దకూడదు. వెదురు బద్ద ఇచ్చారు, దానితో గీయాలి. నాలుగు చేశాక ఆపి, వేళ్ళు చాపి, నూనె రాసి, చేతిని అటూ ఇటూ తిప్పి కళ్ళతో చూడాలి. ఎరుపు కనిపిస్తే ఆ రోజుకు ఆఖరు. డైరీ రాసినా అదే చెయ్యి కనుక అదీ లెక్కలోకి వస్తుందట.

చూడటం ఎందుకంటే, నా చేతిలో చిటికెన వేలి వైపు సగానికి స్పర్శ లేదు. నిప్పు పెట్టినా తెలియదు. వేలిని కదిపే నరాలు మార్చి కుట్టగలం కాని స్పర్శ తెప్పించలేం అని డాక్టరు గారు ముందే చెప్పారు. మిగతావాళ్ళకు చెయ్యి చెబుతుంది, మీకు కళ్ళే చెప్పాలి అన్నారు జగదీశ్వరి గారు.

ఇవాళ నాలుగు చేశాను. ఒకటి కొంగ. మిగతావి కొంగ చుట్టాలు.

జులై 13

కాగితాలు పుష్కలం. పాత క్యాలెండర్లు, మందుల అట్టలు, సిగరెట్టు పెట్టె లోపలి వెండి కాగితం, దొరలు పంపిన క్రిస్మస్ కార్డులు. కార్డు మందం, చేతికి బరువు. వెండి కాగితం ఎంత మెత్తనో.

వెయ్యి ఎప్పటికి అవుతాయి అని నేనంటే అసిరయ్య తాత నవ్వాడు. యెయ్యి ఎవుడు లెక్కెడతాడు, కుంచంతో కొలిసీ అన్నాడు. ఆయన ఊళ్ళో ధాన్యం కొలిచిన చెయ్యి. దాలమ్మ వంటింట్లోంచి కుంచం తెచ్చింది. తాత చేసినవి అందులో పోయించి, ఇంకా అడుగు కనిపిస్తన్నాది అన్నాడు. నిండాక అంచు మట్టానికి తలకొట్టి కొలుద్దామా, పైకి కుప్పగా రాశి పోసి కొలుద్దామా అని అడిగాను. తలకొట్టీకు, కొంగల పీకలిరిగిపోతాయి అంది దాలమ్మ.

రాశి పోసి నాలుగు కుంచాలు. అదీ నిశ్చయం.

జులై 16, మంగళవారం

ఎంత బాగా వచ్చేస్తోందో చెప్పలేను. వేళ్ళకు పాఠం పట్టుబడింది. కాగితం ముట్టుకోగానే అవే మడతలోకి వెళ్ళిపోతున్నాయి. ఒకటో ఎక్కం నుంచి ఏడో ఎక్కానికి ఒక్క గుక్కలో వెళ్ళిపోయే పిల్లలుంటారు, అలా.

ఒక కిటుకు కనిపెట్టాను. వెదురు బద్ద తియ్యడం, గీయడం, పెట్టడం ఆలస్యం. దాని బదులు చెయ్యి పక్కకు తిప్పి చిటికెన వేలి అంచుతో మడత మీద ఒక్క రుద్దు రుద్దితే చాలు. కత్తిలా వస్తుంది మడత. బొటనవేలితో రుద్దితే కాసేపటికి నొప్పి వస్తుంది. ఈ పక్క ఎంతసేపు రుద్దినా ఏమీ లేదు. అసలు అలసటే లేదు. పొద్దున గంజి తాగి కూర్చున్నవాణ్ణి అన్నం గంట కొట్టేదాకా లేవలేదు. తిని మళ్ళీ కూర్చున్నాను. అసిరయ్య తాత, సాల్లే మేస్టరు, కొంగలు ఎక్కడికీ ఎగిరిపోవు అన్నాడు. ఎగిరిపోయేలాగే ఉన్నాయి తాతా అన్నాను.

ఒక కుంచం నిండింది. రాశి పోసి. దాలమ్మ ఎత్తి చూపిస్తే ఆడవాళ్ళ వార్డులో కేకలు వేశారు.

నలభై మంది పిల్లలున్న బడిలో ఇవి నేర్పిస్తే ఎలా ఉంటుంది. ముందు నలుచదరం అంటే ఏమిటో వస్తుంది. కర్ణం వస్తుంది. సగం, పావు, అరపావు మడతలోనే వస్తాయి. మళ్ళీ బడి ఇస్తే. ఇస్తారు. ఈ చెయ్యి చూపిస్తే ఎందుకివ్వరు. ఇదంతా కుడి చేత్తోనే రాస్తున్నాను. ఎంత రాసినా అలసట లేదు.

జులై 17

ఎడమ చెయ్యి.

బొబ్బ. చిటికెన వేలి పక్క నుంచి మణికట్టు దాకా. చిట్లి ఉంది. పొద్దున దుప్పటి మీద తడి చూసి తెలిసింది.

నిన్న ఒక్కసారి కూడా చెయ్యి తిప్పి చూసుకోలేదు.

జులై 18

జగదీశ్వరి గారు తిట్టలేదు. తిడితే బాగుండేది. డాక్టరు గారు కడిగి, చెయ్యి కదలకుండా ప్లాస్టర్ పలక వేసి కట్టారు. చీము పట్టి కుట్టిన నరం దాకా వెళితే వేళ్ళు మళ్ళీ వంగిపోతాయి, ఈసారి నేను చెయ్యగలిగిందేమీ ఉండదు అన్నారు.

అలసట లేదని సంబరపడ్డాను. ఈ చేతికి అలసట తెలియదు. అదే కదా రోగం. ఈ వార్డులో అందరూ ఎప్పుడో ఒకసారి చేసే తప్పు ఇదేనట. అసిరయ్య తాత ధాన్యం కొలుస్తూ వేళ్ళు పోగొట్టుకున్నాడు. ఎవడికీ లేని, నొప్పెట్టని సెయ్యి నాకే ఉన్నాదని మురిసిపోయేను మేస్టరు అన్నాడు.

ఒక కుంచం. ఆగస్టు తొమ్మిది.

జులై 21, ఆదివారం

ఇవాళ జరిగింది రాయకుండా ఉండలేను. ఎడమ చేత్తోనే, మెల్లగా.

ప్రార్థన అయ్యాక దాలమ్మ మా వరండాలోకి వచ్చింది, వెనుక పది మంది. ఊడ్పులకి మనిసి సాలకపోతే ఏటి సేస్తారు మేస్టరు అని అడిగింది. బదులు పిలుస్తారు అన్నాను. మా పక్క ఇవాళ నా చేలో నువ్వు నాటితే రేపు నీ చేలో నేను నాటుతాను, దాన్ని బదులు అంటాం. మరి నువ్వు పిలవవేటి అంది. నేను ఏం బదులు తీర్చగలను అన్నాను. సెయ్యి బాగయ్యేక ఉత్తరాలు రాయి, మావోళ్ళు నన్ను మరిసిపోనారు, గేపకం సేస్తూ ఒకటి రాయి అంది. నాకో రెండు అన్నాడు తాత.

వరసగా కూర్చున్నారు, మడిలో ఊడ్పు వరసలా. ఒక్కరూ మొత్తం కొంగ చెయ్యలేరు. ఒకరికి బొటనవేలు లేదు. ఒకరికి వేళ్ళు వంగవు. తాతకు గిల్లడానికి ఏమీ లేదు. అందుకని ఒక్కొక్కరికి ఒక్క మడత. వేళ్ళున్నవాళ్ళు మడుస్తారు, లేనివాళ్ళు బద్దతో నొక్కుతారు. పక్కవాళ్ళకు తోస్తారు. వరస చివర దాలమ్మ కూర్చుని కొసలు లాగి రెక్కలు తీస్తుంది. కొంగ మొదట్లో కాగితంగా బయలుదేరి ఆవిడ దగ్గర పక్షి అవుతుంది. నేను ఎడమ చెయ్యి వెనక్కు కట్టుకుని బడిలోలా నడుస్తూ చెప్పాను. బద్ద తప్ప చెయ్యి తగలనివ్వలేదు. కాసేపటికోసారి ఆపండి అనేవాణ్ణి. అందరూ చేతులు చాపి, తిప్పి, ఒకరి చెయ్యి ఒకరు చూసేవారు. తన చెయ్యి చూసుకోవడం కంటే పక్కవాళ్ళది చూడటంలో శ్రద్ధ ఎక్కువ. నీకెర్రగున్నాది లెగు లెగు అని ఒకరినొకరు లేపేశారు.

మొదటివి పీతల్లా ఉన్నాయి. తాత ఒకదాన్ని ఎత్తి, ఇది దున్నపోతు, దీన్ని ఉయ్యాలకి కడితే పిల్ల జడుసుకుంటాది అన్నాడు. భోజనాల వేళకు అందరికీ పట్టుబడింది. దాలమ్మ ఊడ్పుల పాట ఎత్తుకుంది. జగదీశ్వరి గారు గుమ్మంలో నిలబడి అందరి చేతులూ ఒకసారి చూసి, వెళ్ళి కాగితాల కట్ట ఒకటి తెచ్చి పెట్టారు.

జులై 25, గురువారం, అమావాస్య

పలక విప్పారు. ఆరింది. చీము లేదు. చాపాను, చాచుకుంది.

ఆషాఢం ఇవాళతో సరి. మూడో కుంచం నడుస్తోంది. నాకు రోజుకు నాలుగే. నాలుగే చేశాను. తిప్పి చూశాను.

జులై 28, ఆదివారం

చినబాబు వచ్చాడు. వానలో, గొడుగు వేసుకుని. లోపలికి రాలేదు. గేటుకు అటు వాడు, ఇటు నేను.

పిల్ల ఎలా ఉందంటే, నీలాగే సెవులు పెద్దవి బావా అన్నాడు. నవ్వాను. తాయారు ఎలా ఉందంటే బాగున్నాది అన్నాడు. మంచినీళ్ళు తాగుతావా అంటే ఇందాకే తాగీసేను అన్నాడు. గేటు బయట చుట్టూ ఎక్కడా నీళ్ళు దొరికే చోటు లేదు.

ఒక తట్ట తెచ్చి చూపించాను. చూస్తూనే వాడి ముఖం వెలిగింది. ఇవి మా కొంగలే గదా అన్నాడు. అవే అన్నాను. చెయ్యి చాపబోయి వెనక్కు తీసుకున్నాడు. బావా, నానైతే పట్టుకెలిపోదును, అమ్మ సెప్పీసినాది, అక్కడి గడ్డిపోసైనా గడప దాటకూడదని అన్నాడు.

ఇక్కడ చర్మం గీసి పరీక్ష చేస్తారు, నాకు రెండుసార్లు చేశారు, క్రిమి లేదు, దసరాకు ఇంటికి వెళ్ళమంటున్నారు అని చెప్పాను. నాకెరికే బావా, అమ్మకెవుడు సెప్తాడు అన్నాడు.

వెళ్ళబోతూ ఒక మాట అన్నాడు. అమ్మ సిలకలు కొంటానంటే అక్క వద్దన్నాదట. ఎందుకే అంటే, ఆలోపు వస్తాయి అన్నాదట.

నేను రాసింది ఒక్క కార్డు. పిల్ల పుట్టినందుకు సంతోషం అని, ఎడమ చేత్తో. కొంగల మాట అందులో లేదు.

వస్తాయని ఎలా అనుకుంది.

జులై 29

ఉపాయం దాలమ్మది. పొద్దున మైనం స్నానానికి వచ్చి, పొయ్యి మీద కాగుతున్న మైనం గిన్నె వైపు చూసి, ఇందులో ముంచి తీస్తే ఏ పురుగు బతుకుతాది, జగ్గమ్మ ఏటంటాది అంది.

జగదీశ్వరి గారు నవ్వారు. క్రిమి అలా రాదు, కాగితానికి ఆ అవసరమే లేదు అన్నారు. తరువాత, కాని చూసేవాళ్ళకు అవసరమే అన్నారు. పారెయ్యాల్సిన పాత మైనం ఉంటే అంతా ఇచ్చారు. పొయ్యి దగ్గరకు మాత్రం స్పర్శ లేనివాళ్ళను ఎవరినీ రానివ్వలేదు. ఆవిడే పట్టకారుతో ముంచి తీశారు. మేము దూరంగా దారాలు కట్టాం.

మైనం ఆరాక కొంగలు గట్టిపడ్డాయి. రెక్క నొక్కితే మళ్ళీ లేస్తోంది. క్రిస్మస్ కార్డు బొమ్మలు అద్దంలోంచి చూసినట్టున్నాయి. తాత ఒకదాన్ని చూరు నీళ్ళ కింద పట్టాడు. నీళ్ళు బొట్లు బొట్లుగా జారిపోయాయి. తామరాకులాగ అన్నాడు. తరువాత అందరూ ఒక్కొక్కటి పట్టి చూశారు. నేనూ పట్టాను.

ఆగస్టు 6, మంగళవారం

నాలుగు కుంచాలూ రాశి పోసి కొలిచాం. తాతే కొలిచాడు, రెండు మణికట్ల మధ్య కుంచం పట్టి. లాభం, రెండు, మూడు అంటూ. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. నాలుగు అన్నాక ఒక గుప్పెడు మిగిలాయి. అవి కూడా వేసేయమన్నాను.

చినబాబు సామాన్లు కొనడానికి విజయనగరం వచ్చి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాడు. తీసుకువెళతానని గాని వెళ్ళనని గాని అనలేదు. దండలు బుట్టలో సర్ది గేటు బయట పెట్టాను. మైనంలో ఉడికించిన సంగతి చెప్పాను. వాడు తువ్వాలు చేతికి చుట్టుకుని బుట్ట ఎత్తబోయాడు. తువ్వాలు జారింది. ఒక్క క్షణం చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని ఉత్త చేతులతో బుట్ట నెత్తికెత్తుకున్నాడు.

గడప దాటిస్తావా అన్నాను. సూద్దాం బావా అన్నాడు.

ఆగస్టు 9, శుక్రవారం, ఉదయం 9

ఇప్పుడు వేస్తుంటారు.

అదే రోజు, మధ్యాహ్నం

ఇక్కడ వాన. అక్కడ కూడానా.

ఆగస్టు 13, మంగళవారం

చినబాబు వచ్చాడు. గేటు దగ్గర ఆగలేదు. సరాసరి వరండాలోకి వచ్చి తాత మంచం మీద కూర్చుని కుండలో నీళ్ళు ముంచుకు తాగాడు. అప్పుడు చెప్పాడు. వాడు చెప్పినట్టే రాస్తాను.

బుట్టతో ఊరు చేరేసరికి చీకటి పడింది. గడప దాటించడానికి ధైర్యం చాలలేదు. తిరిగి తేవడానికి మనసు రాలేదు. పెరట్లో చింతచెట్టు కింది కొమ్మలకు దండలన్నీ కట్టేసి వెళ్ళి పడుకున్నాడు.

తెల్లారి అత్త పేడ నీళ్ళు చల్లడానికి వెళ్ళి చూసింది. పైన గూళ్ళలో కొంగలు, కింద కొమ్మలకు కొంగలు. ఎవుడ్రా కట్టినాడు, ఇప్పీరా అని అరిచింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చారు. చిన్నతల్లి అనే ముసలావిడ, ఏటి జగ్గమ్మా, సెట్టెక్కిన కొంగని దింపుతావేటి, మనూళ్ళో ఎవులైనా దింపినారేటి అందట. అయి కాయితంవే అంది అత్త. కాయితమో ఈకలో, మనింటికి పురుటికొచ్చినాయి, పొమ్మనీవోళ్ళం మనమెవులం అంది చిన్నతల్లి. వాళ్ళు అలా వాదించుకుంటుండగా పైనుంచి కొంగ ఒకటి దిగి, దండలోంచి ఒక కాగితం కొంగను ముక్కుతో పీక్కుని పైకి పోయి గూట్లో పెట్టుకుందట. అంతా తలలెత్తి చూశారట. అత్త పేడ తట్ట కింద పెట్టి, సరే, సెట్టుమీదే ఉండనీ, లోనకి మట్టుకు తేవద్దు అందట.

అయితే ఉయ్యాలే బైటికి తెస్తాను అందట తాయారు.

రెండు రోజులు ఆ మాట మీదే ఉందట. శుక్రవారం ఉయ్యాల చింతకొమ్మకే కట్టారు. రెట్ట పడకుండా పైన తాటాకు గొడుగు కట్టి, గొడుగు చుట్టూ దండలు తాయారే వేలాడదీసింది. నడుమ వాన వచ్చింది. అందరూ ముద్దయ్యారు. కొంగలు తడవలేదు. పిల్ల ఏడవకుండా వాటికేసే చూస్తూ ఉందట.

మావయ్య బియ్యం పళ్ళెం ముందు కూర్చుని వేలు పెట్టబోతే తాయారు బియ్యం మీద అరచెయ్యి పరిచిందట. పేరు ఆళ్ళ నాన్న రాస్తాడు అందట. ఆ సెయ్యితోనా అంది అత్త. ఆ సెయ్యితోనే గదా ఇవి సేసినాడు అంది తాయారు. మావయ్య లేచిపోయాడు. పిల్లకు ఇంకా పేరు లేదు.

ఆదివారం వస్తారట. తాయారు, పిల్ల, చినబాబు. అత్త కూడా బయలుదేరుతుందట. నాను గేటుకాడే ఉంటాను అని ముందే చెప్పిందట.

ఇందులో ఒక మాట తప్పు. కొంగలన్నీ నేను చేసినవి కావు. తాయారుకు చెప్పాలి. చినబాబుకు అప్పుడే చెప్పేశాను. వాడు తాత చేతులకేసి చూసి, మరి దున్నపోతులాటివి కొన్ని ఉన్నాయి, అయి నీవా తాతా అన్నాడు. వార్డంతా నవ్వింది.

ఆగస్టు 17

దాలమ్మ పళ్ళెంలో బియ్యం పోసి ఇచ్చింది. చూపుడు వేలితో ప్రాక్టీసు. మా అమ్మ పేరు. ల బాగా వచ్చింది. క్ష కష్టం. చెరిపి చెరిపి రాస్తుంటే జగదీశ్వరి గారు వచ్చి పళ్ళెం తీసేశారు. నాలుగుసార్లు చాలన్నారు.

ఆగస్టు 18, ఆదివారం, సాయంత్రం

అత్త గేటు దగ్గరే ఉంది. వాన వస్తుంటే గొడుగు మాత్రం లోపలికి పంపింది.

ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చెయ్యి బియ్యంలో పేరు రాసింది, ఇప్పుడు ఖాళీ లేదు. లక్ష్మణమ్మ నా చిటికెన వేలు పట్టుకుని నిద్రపోయింది. పట్టుకున్నట్టు నాకు తెలియలేదు. తాయారు చూడమంటే చూశాను.